మామయ్యకు ఏ కోతి ఇష్టం?

కోతుల మామయ్యకు ఏ కోతి అంటే ఇష్టమో ఆయన్ని అడిగినవాళ్ళందరికీ తెలుసు. చిక్కల్లా ఏమిటంటే, ఏ ఇద్దరికీ ఒకే కోతి తెలియదు.

జూలో కోతుల విభాగానికి పెద్ద ఆయన. వయసులో పెద్ద, హోదాలో పెద్ద, చెవులు ఇంకా పెద్దవి. నడుముకి తాళంచెవుల గుత్తి, చేతిలో బకెట్టు, మోకాళ్ళలో నొప్పి, ఈ మూడూ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళలో ఎవరైనా "ఇన్ని కోతుల్లో మీకేది ఇష్టమండీ?" అని అడిగితే చాలు, బకెట్టు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, వాళ్ళ చెవి దగ్గరికి వంగి, "లీమర్లు. ఒట్టు. పైకి అనకండి, మిగతావాళ్ళు వింటారు" అనేవాడు. వాళ్ళు మురిసిపోయి లీమర్లను చూడటానికి పరుగెత్తేవాళ్ళు. అదే రోజు మధ్యాహ్నం ఇంకెవరో అడిగితే, అంతే రహస్యంగా వంగి, "గిబ్బన్. ఒట్టు. ఎవరికీ చెప్పకండి" అనేవాడు.

ఒకసారి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. పొద్దున ఆవిడ టీ కోసం క్యాంటీన్‌కి వెళ్ళినప్పుడు మొగుడు మామయ్యను అడిగాడు. మధ్యాహ్నం మొగుడు బెంచీ మీద కునుకు తీస్తున్నప్పుడు ఆవిడ అడిగింది. ఎవరి రహస్యం వాళ్ళు గేటు దాకా మోసుకొచ్చి, అక్కడ ఇక ఆగలేకపోయారు.

"లీమర్లట. నాకొక్కడికే చెప్పాడు."

"గిబ్బనండీ. ఒట్టేసి మరీ చెప్పాడు నాకు."

"నీకు ఊరికే చెప్పుంటాడు."

"ఆహా, మీకేమో ఉత్తినే చెప్పడు!"

అక్కణ్ణుంచి మాట ఎటెటో పోయి పెళ్ళినాటి సంగతుల దాకా వెళ్ళింది. చివరికి ఇద్దరూ వెనక్కి వచ్చి మామయ్యను నిలదీశారు. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"ఇద్దరూ నిజమే చెప్తున్నారు. పొద్దుటి ఇష్టం పొద్దుటిది, మధ్యాహ్నం ఇష్టం మధ్యాహ్నానిది."

"అలా కాదు, అసలుది ఏది?"

"రెండూ అసలువే."

"ఈసారి ఇద్దరం కలిసే వచ్చి అడుగుతాం. అప్పుడు చెబుతాను మీ సంగతి!" అని వేలు చూపించి మరీ వెళ్ళింది ఆవిడ.

అలాగని కోతుల మీద గౌరవం లేని మనిషి కాదు. అన్నిటినీ కలిపి కోతులు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "కోతులేంటండీ, ఉమ్మడి కుటుంబం అది! ఎన్ని వాటాలు, ఎంత బలగం!" అంటూ బోనుల సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించేవాడు. ఎండ కనపడితే పొట్ట ముందుకు పెట్టి, చేతులు చాపుకొని కూర్చునే లీమర్లు. పగలంతా బంతిలా ముడుచుకుని పడుకుని, అందరూ ఇళ్ళకు పోయాక కళ్ళు విప్పే దేవాంగపిల్లి. గుప్పెట్లో ఇమిడిపోయే మార్మోసెట్లు. వాటిలో పిల్లల్ని వీపున మోసే పని చాలామటుకు తండ్రిదే, అందుకని పెళ్ళయిన మగవాళ్ళను అక్కడ కాసేపు ఎక్కువ నిలబెట్టేవాడు. నెత్తిన నల్ల టోపీ పెట్టుకున్నట్టుండి, రాయితో కాయలు పగలగొట్టుకునే కపుచిన్లు. కొండముచ్చులు, వాటికి వరసైన బబూన్లు, తెల్లారేసరికి పాట అందుకునే గిబ్బన్లు, ఆ తర్వాత చింపాంజీలు. "మరి చింపాంజీల పక్క వాటా ఎవరిది?" అని అడిగేవాడు. జనం ఇంకో బోను కోసం చుట్టూ వెతికేవాళ్ళు. "వెతక్కండి. అందులోనే ఉన్నారు మీరు" అనేవాడు.

మేనకోడలు అమ్మడికి ఈ పాఠమంతా చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది. వాళ్ళమ్మ పోయాక మామయ్యే చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకొచ్చి, తన ఇద్దరు పిల్లలతో కలిపి పెంచాడు. ఇప్పుడామె అదే జూలో బోర్డులు రాస్తుంది. 'జంతువులకు తినడానికి ఏమీ వెయ్యరాదు' నుంచి 'మరుగుదొడ్లు ఇటు' దాకా అక్కడ అక్షరమన్నదంతా ఆమె చేతిదే.

ఇంట్లోనూ మామయ్యది ఇదే వరస. రెండు చొక్కాలు చూపించి ఏది బాగుందంటే, మడత నలిగినది బాగుందనేవాడు. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య ఉడుక్కుని, "నేనంటే ఇష్టమా, మీ గిబ్బనంటే ఇష్టమా?" అని అడిగిందట. ఆయన అటూ ఇటూ చూసి ఆమె చెవిలో, "నువ్వే. గిబ్బన్‌కి చెప్పకు" అన్నాడట. "ఆ దెబ్బతో నాకు అంతా అర్థమైపోయింది" అనేది అత్తయ్య. ఏం అర్థమైందో మాత్రం చెప్పేది కాదు.

అమ్మడి దగ్గర కూడా ఒక రహస్యం ఉంది. ఆ ఇంటికి వచ్చిన రోజు ఆమె తన ట్రంకుపెట్టె మీద కూర్చుని దిగనని మొండికేసింది. భోజనానికి పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మామయ్య వచ్చి నేల మీద చతికిలబడి, అటూ ఇటూ చూసి, చెవిలో, "ఈ ఇంట్లో అందరికన్నా నువ్వే నాకు ఇష్టం. ఎవరికీ చెప్పకు" అన్నాడు. అమ్మడు పెట్టె దిగింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పైగా మామయ్య సొంత పిల్లలు పెద్దోడు, చిట్టి ఎదురైనప్పుడల్లా, పాపం వీళ్ళకి తెలియదు కదా అని లోలోపల జాలిపడేది. పండు కోస్తే పెద్ద ముక్క వాళ్ళవైపే తోసేది. విచిత్రమేమిటంటే వాళ్ళు కూడా పెద్ద ముక్క ఆమె వైపే తోసేవాళ్ళు. పెద్ద ముక్క నాకొద్దంటే నాకొద్దని పిల్లలు పోట్లాడుకునే ఇల్లు అదొక్కటేనని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్ళు.

ఇలా ఉండగా జూ గేటు పక్కన కొత్త ఇల్లు ఒకటి లేచింది. ముందు నిలువెత్తు అద్దం, లోపల ఊగడానికి తాళ్ళు, పడుకోవడానికి చెక్క అరలు, పైన వెచ్చటి దీపాలు. పాత బోనులు చెమ్మ పట్టిపోయి ఉన్నాయి, చలికాలం నెత్తి మీదికి వచ్చేసింది. డైరెక్టరమ్మ మామయ్యను పిలిపించింది.

"ఒక్క కుటుంబానికే చోటుంది. మీరు పెంచినవాళ్ళు, మీకే బాగా తెలుసు. మీకు అందరికన్నా ఇష్టమైనవాళ్ళెవరో చెప్పండి, వాళ్ళని పెట్టేద్దాం."

జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకు మామయ్య నీళ్ళు నమిలాడు.

"ఎన్నాళ్ళకండీ?"

"ఎన్నాళ్ళకేంటి? ఎప్పటికీ. ఆదివారం ప్రారంభం. ఈలోగా మీరు తేల్చకపోతే చిలకలకి ఇచ్చేస్తాను. చలి వాటికీ ఉంది కదా."

చిలకల విభాగం పెద్దాయన ఆ సాయంత్రమే టేపు పట్టుకుని వచ్చి కొత్త ఇంటి కిటికీలు కొలుచుకున్నాడు. "ఊరికే, చూసిపోదామని" అన్నాడు మామయ్యతో. మర్నాడు మళ్ళీ వచ్చి తలుపు కొలుచుకున్నాడు.

అమ్మడికి పడ్డ పని ఇంకో రకం. ఆ ఇంటి నుదుటి మీద పెద్ద బోర్డు. 'మా జూ ముద్దుబిడ్డ' అని అక్షరాలు, కింద గెలిచిన కోతి బొమ్మ, ఆ బొమ్మ కింద మూలన ఆమె సంతకం. మరుగుదొడ్ల బోర్డు మీద ఎవరూ సంతకం పెట్టరు కాబట్టి ఆమెకు ఇదే మొదటిది. ఆ సంతకం ఎలా పెట్టాలో పాత కాగితాల మీద సాధన కూడా చేసింది.

"మామయ్యా, ఎవర్ని వెయ్యమంటావు?"

"లీమరు. ఒట్టు."

అమ్మడు రోజంతా నిచ్చెన మీద నిలబడి, చారల తోకతో సహా లీమరును వేసింది. మర్నాడు పొద్దున మామయ్య నిచ్చెన కింద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మడూ, గిబ్బన్ అయితే ఎలా ఉంటుందంటావు?"

"నిన్న లీమరన్నావు!"

"నిన్నటిది నిన్న."

అమ్మడు పళ్ళు కొరుక్కుని, పెయింటు దండగ కాకుండా లీమరు తోకనే సాగదీసి గిబ్బన్ చెయ్యిగా మార్చింది. ఆ మర్నాడు బబూన్ అన్నాడు. గిబ్బన్ చెయ్యిని వంచి బబూన్ ముక్కు చేసింది. ఆ తర్వాత దేవాంగపిల్లి అన్నాడు. బబూన్ ముక్కు రంధ్రాలు రెండూ దేవాంగపిల్లి కళ్ళయ్యాయి. దారిన పోయేవాళ్ళు ఆగి తలలు పక్కకు వంచి చూసి, ఇదేం జంతువమ్మా, కొత్తగా తెప్పించారా అని అడగడం మొదలుపెట్టారు. పెయింటు మీద పెయింటు పడి బోర్డు మధ్యలో ఉబ్బింది. చిలకలాయన రోజూ వచ్చి, "ఆకుపచ్చ పెయింటు ఉందా అమ్మా? ఉంచుకో, పనికొస్తుంది" అని వెళ్ళేవాడు.

శనివారం సాయంత్రం పలహారాలకి అందరూ ఇంట్లో ఉన్నారు, మామయ్య తప్ప. ఆయన డ్యూటీలో ఉన్నాడు. ప్రారంభం చూడటానికని పెద్దోడు, చిట్టి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పెద్దోడు తెచ్చిన పుచ్చకాయ కోశారు. మామూలుగానే పెద్ద ముక్క బల్ల మీద మూడుసార్లు చుట్టు తిరిగి అమ్మడి ముందు ఆగింది. ముక్కు మీద ఇంకా బబూన్ రంగు వదలని అమ్మడికి ఆ ముక్కను చూసేసరికి ఎందుకో మండింది.

"నాకొద్దు! మీ నాన్నకి ఎవరిష్టమో ఆయనకే తెలీదు. రేపు ఆ ఇల్లు చిలకలకి పోతుంది. కోతులన్నీ చలిలో వణుకుతాయి. నా బోర్డు చూసి ఊరంతా నవ్వుతుంది."

"ఆయనకి తెలుసులే" అంది చిట్టి మెల్లిగా.

"ఏం తెలుసు?"

"ఎవరిష్టమో. కోతుల సంగతి కాదు, మన సంగతి. అది పైకి చెప్పకూడదు, వదిలెయ్."

పెద్దోడు కత్తి కింద పెట్టాడు. "నీకెలా తెలుసు? నాన్న నీకు చెప్పాడా?"

"నాకు కాక ఇంకెవరికి చెప్తాడు?"

"అంటే... నా గురించి నీకు చెప్పాడా?"

"నీ గురించి ఎందుకు చెప్తాడు? నేనైతేనూ!"

"నువ్వా?" అన్నారు పెద్దోడూ అమ్మడూ ఒకేసారి.

ఆ తర్వాత కాసేపు బల్ల దగ్గర గోలగోలగా ఉండింది. గోల తగ్గాక తేలిందేమిటంటే, ముగ్గురి దగ్గరా ఒకటే రహస్యం. అందరికన్నా నువ్వే ఇష్టం, ఎవరికీ చెప్పకు. ముగ్గురూ ఇన్నేళ్ళూ మిగతా ఇద్దరి మీద జాలిపడి పెద్ద ముక్కలు తోస్తూ వచ్చారు.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నయమే. నాకు పోటీ ఒక్క గిబ్బనే అనుకున్నాను."

"నీకెప్పుడు చెప్పాడన్నయ్యా?" అంది చిట్టి.

"లెక్కల్లో తప్పినప్పుడు. మెట్ల కింద దాక్కున్నాను గుర్తుందా, ఎవరు పిలిచినా రాలేదు. నాన్న దూరి వచ్చి చెప్పాడు. నీకు?"

"నాకు ముందు పళ్ళు రెండూ ఊడినప్పుడు. బడిలో అందరూ బోసి నోరని ఏడిపిస్తే బడికి పోనన్నాను."

ఇద్దరూ అమ్మడి వైపు చూశారు. అమ్మడు ట్రంకుపెట్టె సంగతి చెప్పింది. చెబుతుంటే ముందు గుండె కలుక్కుమంది. ఇన్నేళ్ళూ తనొక్కదానిదే అనుకున్న మాట మూడు ముక్కలైపోయింది కదా. చెప్పడం పూర్తయ్యేసరికి మాత్రం, మూడు ముక్కలైనా అది చిన్నదవలేదని తోచింది. మెట్ల కింద దాక్కున్నవాడు, పళ్ళూడినది, పెట్టె దిగనిది. ముగ్గురూ అందరికన్నా ఇష్టమైనవాళ్ళే, వాళ్ళ వాళ్ళ రోజున.

ఉన్నట్టుండి ఆమెకు బోర్డు మీద తను మార్చి మార్చి వేసిన కోతులు గుర్తొచ్చాయి. లీమరని చెప్పిన రోజు మబ్బులు పట్టి ఎండే రాలేదు. లీమర్లు పొట్టలు ఎవరికి చూపించాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. గిబ్బన్ అన్న రోజు... ఆ గిబ్బన్ జోడీ పోయి ఇంకా నెల కాలేదు, పొద్దున్నే ఇద్దరు పాడే పాట అది ఒక్కతే పాడుతోంది. అమ్మడు చెప్పులు వేసుకుని జూకి పరుగెత్తింది. పుచ్చకాయ పెద్ద ముక్క అత్తయ్య తింది.

జూ మూసే వేళయింది. జనమంతా వెళ్ళిపోయారు. సందు చివర మామయ్య బోను బోను దగ్గరా ఆగుతూ తాళాలు సరిచూసుకుంటూ వస్తున్నాడు. అమ్మడు గోడ పక్కన ఆగి చూసింది. ఆయన బబూన్ల దగ్గర ఆగాడు. అన్నాళ్ళూ గుంపుకి పెద్దగా ఉన్న ముసలి బబూన్‌ను ఈమధ్యే ఒక కుర్రది తోసేసి పెద్దరికం లాగేసుకుంది. ముసలిది వీపు అందరి వైపూ తిప్పి మూలన కూర్చుంది. మామయ్య అటూ ఇటూ చూసి, ఊచల్లోకి వంగి ఏదో గొణిగాడు. అక్కణ్ణుంచి దేవాంగపిల్లి గది దగ్గరికి వెళ్ళాడు. పగలంతా జనం అద్దం మీద కొట్టి, ఖాళీ గది అని విసుక్కుపోయే గది అది. అక్కడా వంగాడు.

"దొరికావు!" అంది అమ్మడు.

మామయ్య ఉలిక్కిపడి బకెట్టు తన్నుకున్నాడు. "ష్! మెల్లిగా. వింటారు."

"అందరికీ నువ్వే ఇష్టం, నువ్వే ఇష్టం అని చెప్తున్నావా?"

"అందరికీ కాదు. ఇవాళ ఇద్దరికే."

"అబద్ధం కదూ అది?"

మామయ్య బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ చెరో పాట పాడాయి.

"అబద్ధం కాదే అమ్మడూ. ఎవరి మొహం వాడిపోయి ఉంటే నా ప్రాణం వాళ్ళ వైపు లాగుతుంది. ఆ పూటకి నిజంగానే వాళ్ళ కన్నా ఎవరూ ఎక్కువ కాదు. జనం వచ్చి ఏది ఇష్టమని అడుగుతారా, వాళ్ళ పేరే చెప్తాను. ఆ మాట పట్టుకుని నలుగురూ పోయి వాటి ముందు నిలబడతారు. నిలబడితే అది ఒకసారి తల తిప్పుతుంది. తల తిప్పితే నాకు అదే చాలు."

"మరి కొత్త ఇల్లు?"

"అదే కదా నా బాధ! ఇవాళ ఒకరికి ఎప్పటికీ అని ఇచ్చేస్తే, రేపు ఇంకొకరి మొహం వాడిపోతే ఏ మొహం పెట్టుకుని వాళ్ళ ముందు నిలబడను? నేను తేల్చకపోతేనేమో అందరికీ చలే. రాత్రి నిద్ర పట్టట్లేదు. నాకు చేతకాదు అమ్మడూ, ఒక్కర్ని ఏరడం."

అమ్మడు ఆయన పక్కన నేల మీద చతికిలబడింది. కుర్రబబూన్ వచ్చి వాళ్ళిద్దర్నీ చూసి, లాభం లేదనుకుని వెళ్ళిపోయింది.

"ఎప్పటికీ అని ఎవరన్నారు?" అంది అమ్మడు చివరికి. "బోర్డు మీద బొమ్మ వెయ్యను. కొక్కెం కొడతాను."

ఆదివారం పొద్దున డైరెక్టరమ్మ వచ్చేసరికి కొత్త ఇంటి నుదుటి మీద ఉబ్బిన బోర్డు లేదు. శుభ్రంగా గీకేసి కొత్తగా రాసిన బోర్డుంది. దాని మీద 'ఈ పూట మాకు అందరికన్నా ఇష్టమైనవారు' అని పెద్ద అక్షరాలు, కింద ఒక కొక్కెం, కొక్కేనికి వేలాడుతూ గిబ్బన్ బొమ్మ ఉన్న రేకు. లోపల వెచ్చటి దీపం కింద గిబ్బన్ తాడు పట్టుకుని ఆలోచిస్తోంది. గోడ వారగా లీమరు, బబూన్, దేవాంగపిల్లి, మార్మోసెట్, అందరి రేకులూ వరసగా ఆరుతున్నాయి. తలుపు దగ్గర మామయ్య చేతులు కట్టుకుని, తప్పు చేసి పట్టుబడ్డవాడిలా నిలబడ్డాడు.

"ఇంతకీ ఇల్లు ఎవరిదండీ?" అంది డైరెక్టరమ్మ.

"ఎవరి మనసు బాగాలేకపోతే వాళ్ళదండి. కుదుటపడ్డాక వాళ్ళ బోనుకి వాళ్ళు వెళ్ళిపోతారు. రేకు మారుతుంది" అన్నాడు మామయ్య.

జూ డాక్టరు, ఒకరు వెళ్ళాక కడిగి ఆరబెట్టాకే ఇంకొకరిని పెట్టాలి, అలాగైతే తనకు అభ్యంతరం లేదన్నాడు. డైరెక్టరమ్మ బోర్డు వైపు చూసింది, మామయ్య వైపు చూసింది, అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డ జనం వైపు చూసింది.

"రేకు మారినప్పుడల్లా చూసినవాళ్ళే మళ్ళీ చూడటానికి వస్తారన్నమాట" అంది. "కానివ్వండి."

చిలకలాయన టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ ఆగి అమ్మడితో, "మా దాంట్లో ఒకటి ఈకలు పీక్కుంటోందమ్మా, దిగులుతో. దానికి కూడా ఒక రేకు..." అన్నాడు. అమ్మడు మామయ్య వైపు చూసింది. మామయ్య కాసేపు బిగుసుకుని, తర్వాత తల ఊపాడు. ఆకుపచ్చ పెయింటు పనికొచ్చింది.

చలికాలమంతా రేకులు మారుతూనే ఉన్నాయి. జనం గేటు దాటగానే ముందు కొక్కెం వైపు చూసేవాళ్ళు. ముసలి బబూన్ వంతు వచ్చినప్పుడు అద్దం ముందు అంత గుంపు చూసి, పోయిన పెద్దరికం తిరిగొచ్చిందనుకుని రొమ్ము విరుచుకు కూర్చుంది. దేవాంగపిల్లి తన వంతు మొత్తం నిద్రపోయింది. అయినా ఈసారి ఖాళీ గది అని ఎవరూ విసుక్కోలేదు. ఆ ఉండచుట్టుకున్న దాన్నే, ష్, మెల్లిగా అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ చూశారు.

అయితే మామయ్య మోకాళ్ళు మాత్రం ఆ చలిని గట్టెక్కలేదు. చెమ్మ నేల మీద తిరగొద్దు, బకెట్లు మొయ్యొద్దని ఆస్పత్రిలో ఖచ్చితంగా చెప్పేశారు. డైరెక్టరమ్మ ఆయనకు టికెట్ల గది పక్కన కుర్చీ వేయించింది. తాళంచెవుల గుత్తి కింది ఉద్యోగికి ఇచ్చేసిన పొద్దున, ఆయన నడుము బోసిపోయింది. బకెట్టు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుర్చీలో కూర్చుని గేటులోంచి వచ్చిపోయేవాళ్ళ కాళ్ళు చూస్తున్నాడు.

పిల్లల్ని తీసుకొచ్చిన టీచరొకావిడ ఆగి, "కోతుల మామయ్యంటే మీరేగా? మీకు ఏది ఇష్టమండీ?" అని అడిగింది.

"ఏముందమ్మా. అన్నీ ఒకటే" అన్నాడు మామయ్య.

పక్కనే నిచ్చెన మీదున్న అమ్మడి చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. ఆయన నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. గబగబా దిగి పెయింటు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజు కొత్త ఇల్లు ఖాళీగానే ఉంది. మార్మోసెట్లు వెళ్ళాక కడిగి ఆరబెట్టి ఉంచారు. కాసేపటికి అమ్మడు వచ్చి, "మామయ్యా, లోపల దీపం ఒకటి మిణుకు మిణుకుమంటోంది, చూద్దూరా" అని ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది. దీపం కింద కుర్చీ వేసి ఉంది. "కూర్చుని చూడు, మెడ నొప్పెడుతుంది" అంది. ఆయన కూర్చున్నాడు. దీపం బాగానే వెలుగుతోంది. వెచ్చదనం నేరుగా మోకాళ్ళ మీద పడుతోంది. తల దించేసరికి అద్దం అవతల జనం గుంపుగా నిలబడి తననే చూస్తున్నారు.

"ఏంటే ఇది?"

"రేకు ఎవరిదైతే ఇల్లు వాళ్ళది. రూలు నీదే."

బయట కొక్కేనికి, పెద్ద పెద్ద చెవులతో, నడుముకి తాళంచెవుల గుత్తితో మామయ్య బొమ్మ వేలాడుతోంది. కింద 'మామయ్య. చింపాంజీల పక్క వాటా' అని రాసి ఉంది. మూలన అమ్మడి సంతకం.

మామయ్య మొహం ఎర్రబడింది. లేవబోయాడు. మోకాళ్ళు లేవనివ్వలేదు, వాటికి అక్కడ సుఖంగా ఉంది. చిలకలాయన అద్దం దగ్గరికి వచ్చి జేబులోంచి వేరుశెనగలు తీశాడు. అమ్మడు వేలితో 'తినడానికి ఏమీ వెయ్యరాదు' బోర్డు చూపించింది. ఆయన వేరుశెనగలు తిరిగి జేబులో పెట్టుకున్నాడు. గుంపు ఏమిటా అని డైరెక్టరమ్మ కూడా వచ్చింది. రేకు చదివింది. లోపలికి తొంగి చూసింది.

"మీ కుర్చీ ఇక్కడే ఉండనివ్వండి" అంది. "బకెట్టు వద్దు, మెట్లు వద్దు. కానీ పొద్దున్నే అలా ఒక చుట్టు తిరిగొచ్చి రేకు ఎవరిదో చెప్పాలి కదా? అది మాకెవరికీ తెలీదు."

మామయ్య కళ్ళు తుడుచుకుని, దీపం మరీ వెలుగుగా ఉందన్నాడు. తర్వాత అమ్మడిని దగ్గరికి రమ్మని సైగ చేసి, అటూ ఇటూ చూశాడు.

"ఎవరికీ చెప్పలేదు కదా?"

"గేటు పక్కనే రాసి పెట్టాను మామయ్యా."

"గిబ్బన్‌కి?"

"దానికి చదువు రాదుగా."

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుంపును తోసుకుంటూ అప్పటి మొగుడూ పెళ్ళాం అద్దం ముందుకు వచ్చారు. ఆవిడ వేలు అప్పటికే లేచి ఉంది.

"ఇప్పుడు చెప్పండి! ఇద్దరం కలిసే వచ్చాం. మీకు అందరికన్నా ఎవరంటే ఇష్టం?"

మామయ్య అలవాటు కొద్దీ ముందుకు వంగాడు. వాళ్ళిద్దరూ చెవులు అద్దానికి ఆనించారు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, సిగ్గుపడ్డాడు.

"ఇవాళ్టికి నేనేనట" అన్నాడు. "పైకి అనకండి, మిగతావాళ్ళు వింటారు."